నాపరాయి జాకెట్టు

మహానంది ఇంటి వసారాలో ఆయన వెంట కాపలా తిరిగే లేవి ఒక జాకెట్టు విప్పి ఇంకో జాకెట్టు తొడుక్కుంటున్నాడు. మామూలు జాకెట్టు కాదది. గుండు దిగకుండా ముందొకటి, వెనకొకటి ఇనప రేకులు పెట్టుకునే జాకెట్టు. మహానంది బామ్మర్ది వేణుగోపాల్ హైదరాబాదు నుంచి రకానికొకటి తెప్పించాడు. ఎవరి గుండె కాయడానికి తెప్పించారో ఆ మహానంది మాత్రం మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. తొడిగి, విప్పి, మళ్లీ తొడిగి, సుమో ఎక్కి, దిగి, వాకిలి చుట్టూ పరిగెత్తి చెమటలు కక్కుతున్నది లేవి. ఎత్తులోనూ భుజాల వెడల్పులోనూ ఇద్దరిదీ ఒకటే కొలత. దేవుడు ఆ ఒక్కటే ఇద్దరికీ సమానంగా ఇచ్చాడు.

గోడవారన మెడలో టేపు వేసుకుని లేవి భార్య కృపమణి నిలబడి ఉంది. బనగానపల్లె చర్చి సందులో ఆమెకు కుట్టుమిషను ఉంది. ఆడవాళ్ల రవికలు, బడిపిల్లల గౌన్లు, క్రిస్మస్ వస్తే పాటలు పాడే వాళ్లకు తెల్ల అంగీలు, ఇవీ ఆమె కుట్టేవి. టేపు తీసుకుని రమ్మని కబురొస్తే ఇంట్లో ఆడవాళ్లకేదో పని పడిందనుకుని వచ్చింది. వచ్చి చూస్తే మొగుడు మిట్టమధ్యాహ్నపు ఎండలో చేతులు బార చాపుకుని నిలబడి ఉన్నాడు.

మొదటి జాకెట్టు బరువంతా భుజాల మీదే వేలాడింది. సుమోలో కూర్చోగానే ముందు రేకు పైకి తన్నుకుని గడ్డానికి తగిలింది. ఇంకోదానికి చంకల కింద గట్టి అంచు ఉంది, చెయ్యెత్తితే కోసుకుపోతోంది. ఆఖరిదానికి నడుం చుట్టూ జానెడు వెడల్పు పట్టీ ఉంది. అది బిగించేసరికి బరువు భుజాలు దిగి తుంటి ఎముకల మీద కూర్చుంది. నీళ్ల బిందెను చేత్తో మోయడానికీ నడుం మీద పెట్టుకు మోయడానికీ ఉన్నంత తేడా. దాంతో వాకిలంతా పరిగెత్తి వచ్చి, రొప్పుతూ కూడా లేవి నవ్వాడు.

"ఇది బాగుండాదన్నా. బరువు నడుం మీదికి దిగింది. ఉరకడానికొస్తాది" అన్నాడు.

మహానంది కృపమణి వైపు తిరిగి నువ్వేమంటావని అడిగాడు. ఆమె దగ్గరికి పోయి పట్టీ కింద వేలు దూర్చి చూసింది. ఇదే మంచిదనీ, కాకపోతే అన్నకు నడుం దగ్గర కొంచెం చాలదనీ, గుడ్డ అతకాల్సి వస్తుందనీ చెప్పింది. పొట్ట అనే మాట రాకుండా చెప్పడానికి ఆమె పడిన తిప్పలు చూసి మహానందే నవ్వాడు. ఆయన నవ్వాక వసారాలో అందరూ నవ్వారు.

"ఇదే రకంవి రెండు తెప్పించు" అన్నాడు బామ్మర్దితో. "ఒకటి నాకు, ఒకటి లేవికి."

ఆ మాట విని కృపమణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. శుక్రవారం కర్నూలు కోర్టులో మహానంది మీదున్న కేసు వాయిదా. ఈసారి వాయిదాకు పోయే దారిలోనో, కోర్టు గేటు దగ్గరో అవతలి వర్గం రంగన్న మనుషులు కాపు కాస్తారని ఊరంతా అనుకుంటున్నారు. డోన్ మీదుగా పోయేదీ పాణ్యం మీదుగా పోయేదీ బండెక్కాక గాని మహానంది చెప్పడు. ఏ దారిన పోయినా ఆయన ముందు బండిలో కూర్చునేది లేవి. వాయిదా నాడు కృపమణికి ముద్ద దిగదు. సందులో ఎవరి చెప్పుల చప్పుడైనా లేచి వాకిట్లోకి చూస్తుంది. అటువంటిది మొగుడి ఎద మీద ఇనప రేకు ఉంటుందంటే, ఆ మనిషి కాళ్లకు దండం పెట్టాలనిపించింది ఆమెకు. ఇంటికి పోతూ దారి పొడుగునా లేవితో అదే చెప్పింది. లేవి ఊరికే ఊఁ కొట్టాడు. ఎండలో ఉరికి ఉరికి అలిసిపోయాడులే అనుకుంది.

బుధవారం పొద్దున లేవి పనికి పోయాక వేణుగోపాల్ సుమో వచ్చి చర్చి సందు మొదట్లో ఆగింది. వేణుగోపాలే స్వయంగా ఒక భుజాన రెండు జాకెట్లు, ఒక చేత గోనెసంచీ పట్టుకుని వచ్చాడు. అంతటి మనిషి తన గడపలోకి రావడమేమిటని కృపమణి కంగారుపడి కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోలేదు. తలుపు దగ్గరికి వేసి, సంచీలోంచి రెండు ఇనప రేకులు తీసి మిషను పలక మీద పెట్టాడు. తరవాత రెండు నాపరాళ్లు తీసి వాటి పక్కన పెట్టాడు. బేతంచెర్ల బండలు. నున్నగా పాలిష్ పట్టి, మూలలు చెక్కి, అచ్చం రేకుల కొలతకు కోసినవి.

రేకులు ఒక్క జతే వచ్చిందన్నాడు. అవి బావ జాకెట్టులో పెట్టాలి, బండలు లేవి జాకెట్టులో పెట్టాలి. బండ మందంగా ఉంటుంది కాబట్టి బావ దాంట్లో రేకు వెనక దండిగా స్పాంజి వేస్తే పైకి రెండూ ఒకటే లావు కనపడతాయి. రేకులు దూర్చే మూతులు కింది వైపున్నాయి, వాటికున్న అంటించే పట్టీలు నమ్మకం లేదు, దారంతో డబల్ కుట్టు వేసి మూసెయ్యాలి. రేపు సాయంత్రానికి కావాలి. రవిక కుట్టించుకునే ఆడమనిషి చేతుల పొడుగు చెప్పినంత తాపీగా చెప్పాడు ఇదంతా.

కృపమణికి ఒక్కటే అర్థం కాలేదు. "రాయి గుండును ఆపుతాదా అన్నా?" అని అడిగింది.

"ఆపేదానికి కాదుమ్మే, నడక కోసం" అన్నాడు వేణుగోపాల్. "అంత బరువేసుకుని బావ అడుగు మెల్లగా పడతాది. పక్కన లేవి తేలిగ్గా నడిస్తే యాడో దూరం నుంచి చూసేవానికి కూడా ఎవురు ఎవురో తెలిసిపోతాది. ఎల్లుండి ఇద్దరికీ ఒకటే తెల్ల చొక్కా, ఒకటే కండువా. కోర్టు కాడ మొదట దిగేది లేవి."

ఆమె మిషను పలక పట్టుకుని నిలబడింది.

"లేవికి చెప్పొద్దు" అన్నాడాయన, గొంతు పెంచి కాదు, మామూలుగానే. "తెలిస్తే నడక మారుతాది."

తలుపు తీసి బయటికి పోతూ, పాప మహిమ ఏ బడిలో చదువుతోందని అడిగాడు. ఆమె అలవాటుగా చెప్పేసింది. సాయంత్రం ఎవరు తీసుకొస్తారన్నాడు. పాప ఒక్కతే నడిచొస్తుందని కూడా చెప్పేసింది. సుమో వెనక్కి తిరిగి పోయిన తరవాత గాని తను చెప్పిందేమిటో ఆమెకు తెలియలేదు.

ఆ పూటా, ఆ రాత్రీ లేవితో ఆ సంగతి అనలేకపోయింది. అతను అన్నం తింటుంటే చూస్తూ కూర్చుంది. ఏమే అట్ల చూస్తాండావు అంటే తలనొప్పంది. చెబితే ఏమవుతుందో ఎన్ని విధాల ఆలోచించినా ఒక్క దారీ మంచి దారి కాలేదు. చెబితే లేవి పోయి అడుగుతాడు. అడిగినవాడు ఏమవుతాడో ఆ ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. అడక్కుండా ఊరుకుంటాడేమో, తెలిసి కూడా పోతాడేమో. అన్నంటే అతనికి అంత పిచ్చి. ఆ పిచ్చిని తలుచుకుంటే ఆమెకు భయంతో పాటు ఒళ్లు మండింది.

గురువారం మహిమను బడికి పంపకుండా, ఎండ తగులుతుందని సాకు చెప్పి వెనక వీధిలో మహాదేవమ్మ టీచరు ఇంట్లో కూర్చోబెట్టి వచ్చింది. తలుపు గడియ వేసి పనికి కూర్చుంది. ముందు మహానంది పట్టీకి గుడ్డ అతికింది. ఇక చూడగానే తెలుస్తుంది, అతుకున్నది ఆయనది, అతుకు లేనిది లేవిది. ఆ గుడ్డ మందానికి మిషను సూది పుటుక్కున విరిగింది. ఇంకో సూది వేస్తే అదీ విరిగింది. గోనెలు కుట్టే దబ్బనం తీసి, దారానికి కొవ్వొత్తి మైనం పట్టించి, చేత్తోనే అతుకు పూర్తి చేసింది.

తరవాత బండను ఒళ్లో పెట్టుకుంది. చల్లగా ఉంది. ఆ ఊళ్లో ఇళ్లన్నిటికీ నేల అదే బండ. రోకలి జారి పడితే ఆ బండ ఎట్లా పగులుతుందో ఆమెకు తెలుసు. పెంకులు పెంకులుగా లేచి, ఏరేటప్పుడు వేళ్లు కోసుకుంటాయి. గుండు తగిలితే ఆ పెంకులు ఎటు పోతాయి? ఆమె తన ఎద మీద చెయ్యి వేసుకుంది.

ఆ తరవాత చేసినదంతా ఎవరో తరుముతున్నట్టు గబగబా చేసింది. అతుకు లేని జాకెట్టులో, లేవి జాకెట్టులో, ఇనప రేకులు దూర్చి, వెనక స్పాంజి కూరింది. అతుకున్న జాకెట్టులో నాపరాళ్లు దూర్చింది. మూతులు దగ్గరికి లాగి దబ్బనంతో డబల్ కుట్టు వేసింది. రెండూ పైకెత్తి చూస్తే ఇంచుమించు ఒకటే బరువు. పక్కపక్కన పెడితే ఏ దాంట్లో ఏముందో కుట్టినదానికే తెలియదు.

అప్పుడు ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకుంది. రోజూ చేసుకునే మనిషే. కానీ ఏమని చేస్తుంది? నా మొగుణ్ణి కాపాడు ప్రభువా అంటే, రెండో వాణ్ణి చంపమన్నట్టే గదా. చంపే పని చెయ్యాల్సింది రంగన్న మనుషులైనా, దానికి దారి తీసి పెట్టింది తన చేతులే. ఆ చేతుల్నే జోడించడానికి ఆమెకు మనసొప్పలేదు. కళ్లు తెరిచి, కింద పడిన దారపు ముక్కలు ఊడ్చింది.

పొద్దు వాలుతుండగా జాకెట్లు తీసుకుపోవడానికి లేవి వచ్చాడు. కరెంటు లేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురే వెలుతురు. ఎట్లా ఉందో చూద్దామని తన జాకెట్టు తొడుక్కుని, పట్టీ బిగించుకున్నాడు. ఒకసారి వంగి లేచాడు. కుడిచెయ్యి పిడికిలి చేసి ఎద మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు. వంగి, మంచం మీదున్న రెండో జాకెట్టును కూడా అట్లాగే కొట్టి చూశాడు. దాని చప్పుడు వేరుగా ఉంది.

"ఇదేందే కృపా?" అన్నాడు.

ఆమె మిషను ముందున్న ముక్కాలి పీట మీద కూర్చుని నేల చూస్తోంది. ఇక దాచి లాభం లేదనిపించింది. వేణుగోపాల్ వచ్చిన దగ్గర్నుంచి అంతా చెప్పింది. మధ్యమధ్య కొంగు నోట్లో కుక్కుకుని, మళ్లీ తీసి చెప్పింది. అంతా విని లేవి ఆశ్చర్యపోలేదు. మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ బండలు బేతంచెర్ల పోయి తెచ్చింది నేనే. నా ఎద మీద ఆనించే సుద్దముక్కతో గీత గీసినారు. కొలత కోసమప్పా అన్నాడు వేణుగోపాలు. నేనూ అర్థం కానోని మాదిరి ఉండిపోయినా. నీకు తెలిస్తే బెదురుకుంటావని చెప్పలే."

రెండు రోజులుగా ఇంట్లో ఇద్దరూ ఒకటే సంగతి దాచుకుని, ఒకే కంచంలో పెట్టుకు తిన్నట్టు ఒకే భయాన్ని చెరొక మూల కూర్చుని తిన్నారన్నమాట. జాలి పడాల్సింది పోయి ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. తెలిసి కూడా పోతాండావా అని లేచింది. ఆయనకు నువ్వు మనిషివి కాదు, బరువు మోసే కొయ్యబొమ్మవని అంది. అట్లాంటి వాని కోసం చచ్చేంత ఏం పెట్టినాడు నీకు అని అడిగింది. గొంతు సందులోకి పోతుందన్న భయంతో అరవలేక, ఆ మాటలన్నీ గుసగుసగానే అంది. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

లేవి ఆ మాటలన్నీ పడ్డాడు. ఆమె ఆగాక నిదానంగా అన్నాడు.

"అన్న కోసం కాదే. వాళ్లింట్లో ఇది తట్టి చూడరనుకుంటాండావా? చూడలేదే అనుకో. రేపు అన్నకు గుండు తగిలి లోపల బండ పగిలితే, జాకెట్టు విప్పుతారు. కుట్టింది ఎవురో అందరికీ ఎరికే. బండ నా దాంట్లో పగిలితే పొయ్యేది నేనొక్కన్నే. అన్న దాంట్లో పగిలితే ఈ ఇంట్లో ఎవురూ మిగలరు. పాప కూడా."

ఆమె మళ్లీ పీట మీద కూర్చుండిపోయింది. ఇంతసేపూ అన్న మీది పిచ్చి అనుకున్నది అది కాదని తెలిసి, తిట్టినదానికి సిగ్గేసింది. సిగ్గు వెనకే మళ్లీ భయం వచ్చింది, ఇంకా పెద్దదిగా. బద్వేలులో మా అమ్మ ఉంది, ఇప్పుడే పాపను తీసుకుని పోదామంది. వాయిదా ముందు రోజు మాయమైనవాణ్ణి రంగన్న మనిషే అంటారనీ, అన్న మనుషులకు బద్వేలు దూరం కాదనీ లేవి చెప్పాడు. రంగన్న వాళ్లు కూడా నమ్మి దగ్గరికి రానియ్యరన్నాడు. ఆమెకు తెలియక కాదు, ఎవరైనా కాదంటే ఊరుకుందామని అడిగింది.

ఇక మాటల్లేవు. ఆమె బ్లేడు తీసుకుని మధ్యాహ్నం వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపింది. లేవి ఎదురుగా నేల మీద కూర్చుని జాకెట్టు అంచు బిగపట్టి ఇచ్చాడు. రేకులు లాగి ఒకచోట, రాళ్లు లాగి ఒకచోట పెట్టాడు. తెగిన దారపు నూగు అతని ముంజేతుల మీద అంటుకుంటే ఆమె చేత్తో దులిపింది. మహానంది జాకెట్టులో రేకులు దూర్చి, స్పాంజి సర్ది, మైనం దారంతో డబల్ కుట్టు వేసింది. ఏనుగును కట్టినా తెగనట్టు వేసింది. ఆయనకు ఏమన్నా అయితే కుట్టుది తప్పు అనే మాట రాకూడదు గదా.

తరవాత లేవి జాకెట్టు ఒళ్లోకి తీసుకుంది. రాళ్లు దూర్చింది. దబ్బనం ఎత్తి, ఆగింది. లేవి చీకటి పడుతోందన్నాడు. ఆమె వినలేదు. దబ్బనం పక్కన పెట్టి, డబ్బాలోంచి మామూలు చేతిసూది తీసింది. నూలు దారం ఒంటి పోగు ఎక్కించింది. ముడి వెయ్యకుండా, రవిక కొలత చూసేటప్పుడు వేసే కచ్చాకుట్టు, ఒక వేలు ఎడం ఒక వేలు ఎడంగా, ముందు జేబు మూతికి ఆ కొసనుంచి ఈ కొసదాకా వేసింది. అదే పోగును పక్కనుంచి తిప్పి వెనక జేబు మూతికి కూడా వేసింది. మిగిలిన కొసను ఎడమ వైపు నడుం పట్టీ కిందికి లాగి వదిలింది. పైన కనపడే మడత మీద మాత్రం, వేణుగోపాల్ చూస్తే మురిసిపోయేటట్టు, దేన్నీ పట్టి ఉంచని రెండు వరసల కుట్టు నీటుగా వేసింది.

"డబల్ కుట్టు వెయ్యమన్నారు గదనే" అన్నాడు లేవి.

"తొడుక్కో" అంది.

అతను తొడుక్కున్నాడు. ఆమె లేచి పట్టీ తనే బిగించింది. మంచం మీది బొంత తీసి నాలుగు మడతలు పెట్టి అతని కాళ్ల చుట్టూ పరిచింది. అతని ఎడమ చెయ్యి పట్టుకుని పట్టీ కింద దారపు కొస దగ్గరికి తీసుకుపోయి, వేళ్లతో తడిమించింది.

"దొరికిందా?"

"ఊఁ."

"కాళ్లు ఎడంగా పెట్టి లాగు."

లేవి లాగాడు. పోగు సర్రున ఊడి వచ్చింది. ముందు బండ, వెంటనే వెనక బండ, రెండూ జారి బొంత మీద మెత్తగా పడ్డాయి. జాకెట్టు ఉత్త గుడ్డలా అతని ఒంటిని అంటుకుపోయింది. బరువు పోయిన కుదుపుకు అతను తూలి, మిషను పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చేతిలో దారం వేలాడుతోంది. దాని వంకే చూస్తున్నాడు.

"ఆ బండ నిన్ను కాయదు" అంది కృపమణి. "నిన్ను ఉరకనియ్యదు, అంతే. వాళ్లకు నీ నడక కావాల, గేటు దాకా నడువు. మొదటి చప్పుడు ఇనపడగానే ఇది లాగు. లాగి, ఉరుకు. ఎవురి దిక్కూ చూడొద్దు."

అటువంటి పని లేవి ఎప్పుడూ చెయ్యలేదని ఆమెకు తెలుసు. గొడవ జరిగిన ప్రతిసారీ చప్పుడు వినపడిన వైపుకు, అన్న ఉన్న వైపుకు ఉరికినవాడే తప్ప అటునుంచి ఇటు ఉరికినవాడు కాదు. ఆ మాట ఊళ్లో నలుగురూ అతని ఎదురుగా గొప్పగా చెబుతారు. దాన్ని వదులుకోమని అడుగుతున్నానని తెలిసే అడిగింది.

"అన్న కింద పడినా ఉరుకుతావా?" అంది.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. సందులో ఎవరో సైకిలు మీద పోతూ బెల్లు కొడితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సైకిలు పోయింది. లేవి వంగి బండ ఒకటి ఎత్తి ఆమె చేతికిచ్చాడు, తరవాత రెండోది ఇచ్చాడు.

"ఉరుకుతాలే" అన్నాడు. ఆమె మొహం చూసి కాదు, నేల చూసి అన్నాడు.

అతను జాకెట్టు విప్పి ఇస్తే, కృపమణి బండలు దూర్చి మళ్లీ పీట మీద కూర్చుంది. సూదిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దారం కొస నోట తడిపి ఎక్కించబోయింది. చెయ్యి వణికి తప్పిపోయింది. లేవి పక్కన కూర్చుని ఆమె మణికట్టు కదలకుండా పట్టుకున్నాడు. ఈసారి దారం ఎక్కింది.